యంత్రహంస

పాలను నీటిని కలిపి ముందుంచినచో హంస పాలను మాత్రమే గ్రహించి నీటిని విడిచిపెట్టునని మన పూర్వకవుల సమయము. ఏ హంసయు అట్లు చేయదని పక్షిశాస్త్రము చెప్పును. అయినను ఆ మాట నేటికిని చెడిపోలేదు. ఏలయనగా ఆ మాటకు ప్రాణము హంస కాదు, ఏరుకొనుట యెఱిగిన మనస్సు. మంచియు చెడ్డయు కలగాపులగముగా వచ్చి పడునపుడు దేనిని ఉంచవలెను, దేనిని విడువవలెను అను ప్రశ్న ప్రతి కాలమునందును మనుష్యుని ఎదుట నిలిచినదే. శాతవాహన రాజైన హాలుడు కోటి గాథలనుండి ఏడువందల గాథలను ఏరి సప్తశతిని కూర్చెనని ప్రసిద్ధి. అనగా ఇంచుమించు పదునాలుగువేల గాథలకు ఒక గాథ నిలిచినదన్నమాట. అది అతిశయోక్తియే కావచ్చును. కాని సంకలనమనగా ఎంత విడుచుటయో ఆ అతిశయోక్తి చక్కగా తెలుపును.

నేడు ఆ ప్రశ్న హైదరాబాదు నగరమునకు పడమటనున్న హైటెక్ సిటీలో క్రొత్త వేషముతో నిలిచినది. ఏరుకొను పనిని యంత్రమునకు అప్పగింపవచ్చునా? అప్పగించినచో ఎంతవరకు?

రాళ్ళసీమలో రెక్కలు

1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపురములో సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. ఆ సంవత్సరమే గచ్చిబౌలిలో అంతర్జాతీయ సమాచార సాంకేతిక విద్యాసంస్థ, అనగా ట్రిపుల్ ఐటీ, వెలసినది. అంతకు పూర్వము 1974లోనే హైదరాబాదు విశ్వవిద్యాలయము ఏర్పడినది. అప్పటికి ఆ సీమ యెల్ల నల్లరాతి గుట్టలు, తుమ్మపొదలు, చెరువులు. గోలకొండ దుర్గమునకు నీరందించిన దుర్గం చెరువు ఆ రాళ్ళ నడుమనే యున్నది. తరువాత పాతికేండ్లలో అద్దాల మేడలు లేచినవి. చెరువుపై 2020లో తీగలవంతెన వెలసినది. సీమకు సైబరాబాదు అను పేరు స్థిరపడినది.

అయినను పక్షులు ఊరు విడిచి పోలేదు. దుర్గం చెరువు అంచులందు, ఖాజాగూడ గుట్టలందు, కొత్తగూడ వృక్షోద్యానమునందు, విశ్వవిద్యాలయపు అడవిలో నేటికిని వాని కూతలు వినవచ్చును. కొంత దూరముననున్న అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రభుత్వము ప్రకటించినది. నగరములో పక్షులను పరిశీలించువారి సంఘము 1980నాటిది. నేడు డెక్కన్ బర్డర్స్ అను పేరుతో పిలువబడు ఆ సంఘపు పత్రికకు 'పిట్ట' అని పేరు. వారమంతయు కంప్యూటరు తెరవంక చూచిన కండ్లు ఆదివారము ఉదయమున దుర్భిణి పట్టి చెట్టుకొమ్మల వంక చూచుట ఆ ప్రాంతమున ఇప్పుడొక ముచ్చటైన వ్యాసంగము.

ఇట్టి వ్యాసంగపరుడొకనిని ఊహింతము. మాదాపురములో ఉద్యోగము, గచ్చిబౌలిలో నివాసము, పక్షులనిన ప్రాణము. తన చుట్టుప్రక్కల కనబడు పక్షుల చిత్రములను దినమునకు అయిదింటిని ఎన్నుకొని, తెలుగు పేరుతోను ఒక చిన్న వివరణతోను టెలిగ్రామ్‌లో ఒక ఛానలులో ప్రచురించుట అతని సరదా. మొదట ముప్పదిమంది మిత్రులు చూచెడివారు. క్రమముగా వందలు చేరిరి. మిత్రబృందములనుండి చిత్రములు వరదవలె రాసాగినవి. ప్రతిరాత్రియు భోజనానంతరము వానిని చూచి ఏరుటకు రెండు మూడు గంటలు పట్టుచున్నది. అంతట అతనికి ఒక ఆలోచన తోచినది: ఈ పని చేయుటకు ఒక బాట్‌ను తయారుచేసినచో!

వెట్టివాని పుట్టుక

బాట్ అనునది రోబో అను పదపు తోక. రోబో అను పదము చెక్ దేశపు రచయిత కారెల్ చాపెక్ నాటకము ద్వారా లోకమునకు తెలిసినది. ఆ నాటకము 1921లో ప్రదర్శింపబడినది. చెక్ భాషలో ఆ పదమునకు మూలమైన మాటకు అర్థము వెట్టిచాకిరి. తెలంగాణమువారికి ఈ మాట విప్పి చెప్పనక్కఱలేదు. కూలి అడుగక, నిద్రపోక, చెప్పినది చెప్పినట్లు చేయు కనబడని వెట్టివాడే బాట్. వానికి చేతులు లేవు, కాళ్ళు లేవు. కంప్యూటరులో నడచు ఆజ్ఞల వరుసయే వాని శరీరము.

2015లో టెలిగ్రామ్ సంస్థ ఇట్టి బాట్‌లను ఎవరైనను నిర్మించుకొను వీలు కల్పించినది. 'బాట్‌ఫాదర్' అను మరియొక బాట్‌ను పలుకరించి, పేరు చెప్పి, ఒక రహస్యపు తాళపుచెవిని పొందవలెను. ఆ తాళపుచెవి దొంగ చేతబడినచో ఛానలంతయు వాని చేతబడినట్లే కనుక దానిని ఇతరులకు చూపరాదు. తరువాత పైథాన్ వంటి భాషలో ఆజ్ఞలు వ్రాయవలెను. కొద్ది పుటల ఆజ్ఞలతో బాట్ కన్ను తెరచును.

అది చేయవలసిన పని మన ఇండ్లలో తల్లులు బియ్యము బాగుచేయు పనికి భిన్నము కాదు. మొదట బస్తానుండి బియ్యము తీయుట. తరువాత చేటలో చెఱిగి ఊక పోగొట్టుట. జల్లెడ పట్టి నూకలు వేరుచేయుట. చిట్టచివర పళ్ళెములో పరచి, వెలుతురులో కూర్చుండి, కంటితో చూచి, వ్రేలితో రాళ్ళు ఏరుట. బాట్ కూడ చిత్రములను తెచ్చును, చెఱుగును, జల్లించును. చివరి పని మాట ఏమి? ఈ కథకు కీలకము అచ్చటనే యున్నది.

తెచ్చుటయే సులభమనుకొనరాదు. ఒక సంస్థ గుమ్మము తెరచి ఉంచినంతవరకే బాట్‌కు ప్రవేశము. 2023 ఫిబ్రవరిలో ట్విట్టర్ సంస్థ తన సమాచారమును యంత్రములకు ఉచితముగా ఇచ్చు పద్ధతిని మానివేయుచున్నట్లు ప్రకటించినది. ఆ సంవత్సరమే రెడ్డిట్ సంస్థయు రుసుము విధించినది. సరదాకొఱకు నిర్మించిన బాట్‌లు ఎన్నియో ఆనాడు కన్ను మూసినవి. పరుల బావిలో నీరు త్రాగువాడు తాడు తనదని మురిసిన ఫలమేమి? కావున మన యువకుడు మిత్రులు తమంతట తాము పంపిన చిత్రములనే తీసికొనుటకు నిశ్చయించుకొనెను. అది వివేకము మాత్రమే కాదు, మర్యాద కూడ.

కాకినాడలో కాకులు

జల్లెడకు కన్నములుండవలెను. బాట్ జల్లెడకు కన్నములు మాటలు. చిత్రముతోబాటు వచ్చు వ్రాతలో పక్షి పేరున్నచో ఉంచుము, లేనిచో విడువుము అని యువకుడు ఆజ్ఞ వ్రాసెను. కాకి, గద్ద, కొంగ, పిట్ట, నెమలి అని పేర్ల పట్టిక ఇచ్చెను. మఱునాడు జల్లెడలో నిలిచినదేమి? కాకినాడ తీరపు సూర్యోదయము. ఎవరో 'ఏకాకి' అని పేరుపెట్టిన ఒంటరి చెట్టు. పిట్టగోడపై కూర్చున్న పిల్లి. ఒక పిట్టకథ. పట్టుచీర కొంగు. పాత గద్దె మీది గొల్లభామ పురుగు.

పిట్టగోడలో పిట్ట యున్నమాట నిజమే. చీరకొంగులో కొంగ ఎట్లు దూరినది? దీనికి కారణము కంప్యూటరు తెలుగును దాచుకొను పద్ధతి. యూనికోడు అను ప్రపంచ లిపి వ్యవస్థలో తెలుగునకు 1991నుండియు స్థానము కలదు. అందు హల్లునకు ఒక సంఖ్య, దాని ప్రక్కనుండు గుణింతపు గుర్తునకు వేరొక సంఖ్య. మన కంటికి 'గు' అనునది ఒక్క అక్షరము. యంత్రమునకు అది 'గ', దాని వెనుక ఒక కొమ్ము. కావున 'కొంగు' అను మాటలో 'కొంగ' పూర్తిగా ఉండి, చివర ఒక కొమ్ము అదనముగా వచ్చినట్లు యంత్రము చూచును. 'గద్దె'లో 'గద్ద' యుండుటయు ఇట్లే.

ఊక చేరుట ఒక చిక్కు. గింజ జారిపోవుట అంతకు మించిన చిక్కు. యువకుడు తనకు బడిలో తెలుగు చెప్పిన ఉపాధ్యాయునికి ఈ వింతను చూపి నవ్వెనని ఊహింతము. వృద్ధుడైన ఆ ఉపాధ్యాయుడు కొంతసేపు చూచి, "నాయనా, దీనికి కాకినాడ చిక్కినది సరే, కాకులు చిక్కినవా?" అని అడిగెను.

"చిక్కకేమండీ మాస్టారూ, కాకి అను మాట ఇచ్చితిని గదా."

"కాకి అను మాట ఇచ్చితివి. కాకులు అను మాటలో కాకి ఎక్కడ నున్నది?"

యువకుడు తెల్లబోయెను. నిజమే. బహువచనమున 'కాకి' యొక్క గుడి పోయి కొమ్ము వచ్చును. నెమలి నెమళ్ళగును. కాకులు గుంపుగా వ్రాలిన చిత్రమును విడిచిపెట్టి, కాకి లేని కాకినాడను యంత్రము భద్రముగా దాచినది! 1858నాటి చిన్నయసూరి బాలవ్యాకరణమును చదివిన విద్యార్థికి ఈ మార్పులు క్రొత్త కాదు. పరీక్షకొఱకు కంఠస్థము చేసి మఱచిపోవు సూత్రములే ఇక్కడ పనికి వచ్చినవి. తెలుగు మాటను విడదీసి, ధాతువు ఏది, ప్రత్యయమేది అని చెప్పగల పదవిశ్లేషక యంత్రములపై హైదరాబాదు విశ్వవిద్యాలయమునందును ట్రిపుల్ ఐటీయందును పరిశోధనలు జరిగినవి. వ్యాకరణము పాతబడినదని తలచువారు ఈ సంగతి గమనింపదగును.

ఇందులో ఒక సాధారణ ధర్మము కూడ కలదు. ప్రతి జల్లెడను రెండు ప్రశ్నలు అడుగవలెను. నిలిచినవానిలో నిజమైనవి ఎన్ని? నిజమైనవానిలో నిలిచినవి ఎన్ని? నూరు చిత్రములు నిలువగా అందు పక్షులున్నవి అరువది అయినచో మొదటి ప్రశ్నకు సమాధానము నూటికి అరువది. వచ్చిన పక్షిచిత్రములు మొత్తము నూట ఇరువది అయినచో రెండవదానికి సమాధానము నూటికి ఏబది. కన్నములు చిన్నవి చేసినచో ఒకటి పెరుగును, రెండవది తరుగును. రెంటిని ఒక్కసారి పెంచుట కష్టము. పరీక్షలో ఒక్క విద్యార్థియు అన్యాయముగా తప్పిపోరాదు, ఒక్క అనర్హుడును ఉత్తీర్ణుడు కారాదు అని కోరు ఉపాధ్యాయునకు ఈ బాధ తెలియనిది కాదు.

గురులఘువులుగా ఒక చిత్రము

ఒకే చిత్రము పదిమంది చేతులు మారి పదిసార్లు వచ్చును. ఒకరు దానిని చిన్నది చేయుదురు, మరియొకరు వెలుగు పెంచుదురు. అక్షరాల పోల్చి చూచినచో రెండును వేరే. మరి ఒకటే యని యంత్రమునకు తెలియుట ఎట్లు?

దీనికొక చమత్కారమైన ఉపాయము కలదు. ఎంత పెద్ద చిత్రమునైనను రంగులు తీసివేసి, అడ్డమునకు తొమ్మిది, నిలువునకు ఎనిమిది చుక్కలుండునంత చిన్నదిగా కుదింతురు. ప్రతి వరుసలో ప్రక్కప్రక్కనున్న రెండు చుక్కలను పోల్చుదురు. ఎడమది కాంతిమంతమైనచో ఒకటి, కానిచో సున్న. వరుసకు ఎనిమిది పోలికలు, ఎనిమిది వరుసలు, వెరసి 64 గుర్తులు. ఇది పద్యమును గురులఘువులుగా విభజించుట వంటిది. పద్యములోని అర్థము, అందము, శబ్దము అన్నియు పోయి గీతలును కొమ్ములును మిగిలినట్లే, చిత్రములోని ఈకలు, ఆకులు, ఆకాశము పోయి 64 గుర్తులు మిగులును. రెండు చిత్రముల గుర్తులలో తేడా పదింటికి లోపుగా ఉన్నచో సాధారణముగా రెండును ఒకటే యని భావింతురు.

ఉపాయము గొప్పదే. కాని రెండు పద్యములకు గణములు ఒకటైనంతమాత్రమున కవిత్వము ఒకటి కాదు. ఒకే కొమ్మపై ఒకే భంగిమలో వేర్వేరు దినములలో వ్రాలిన రెండు లకుముకి పిట్టలు యంత్రమునకు ఒకటిగా తోచవచ్చును. ఒకే చిత్రమును అద్దములోవలె ఎడమకుడిలు మార్చినచో రెండుగా తోచవచ్చును.

సింగన చేసిన మేలు

పదిసార్లు వచ్చిన చిత్రము ఒకటే యని తేలిన పిమ్మట మరియొక ప్రశ్న పుట్టును. ఈ చిత్రమును తీసినవారెవరు? చేతులు మారునపుడు మొదట రాలిపోవునది కర్త పేరు. తెల్లవారుజామున లేచి, చెరువు గట్టున గంటలతరబడి కూర్చుండి తీసినవాని పేరు పోయి, దానిని పంచినవాని పేరు మిగులును. 1957నాటి కాపీరైటు చట్టము ఛాయాచిత్రమునకును రక్షణ కల్పించినది. చట్టము మాట అటుంచినను సంకలనకర్త ధర్మము వేరొకటి కలదు.

తెలుగులో తొలి సంకలన గ్రంథముగా పండితులు పేర్కొనునది మడికి సింగన కూర్చిన సకలనీతిసమ్మతము. పదునైదవ శతాబ్దినాటి ఆ కవి పూర్వుల నీతిగ్రంథములనుండి పద్యములను ఏరి ఒకచో చేర్చెను. చేర్చుటయేకాక ఏ పద్యము ఏ గ్రంథములోనిదో తెలిపెను. ఆ మూలగ్రంథములలో కొన్ని నేడు లభింపవు. వాని పేర్లును, కొన్ని పద్యములును మనకు దక్కినవనగా అది సింగన చలవయే. అతడు పేరు చెప్పకుండ పద్యములను మాత్రమే పంచియున్నచో ఆ కవులు రెండవమారు మరణించెడివారు.

ఈ కథను గ్రహించిన యువకుడు తన బాట్‌కు ఒక కఠిన నియమము పెట్టెను. ఎవరు తీసిరి, ఎచట తీసిరి, ఎప్పుడు తీసిరి అను మూడు ప్రశ్నలకు సమాధానము లేని చిత్రము ఎంత అందమైనదైనను ముందుకు పోరాదు. బాట్ పంపినవారిని మర్యాదగా అడుగవలెను. సమాధానము రానిచో విడువవలెను.

పాలపిట్ట పరీక్ష

ఇక వందలో అయిదింటిని ఎన్నుట. ఎక్కువమంది మెచ్చుకొన్నదానిని ముందుంచుట యంత్రమునకు తెలిసిన సులభమార్గము. ఈ మార్గమునకు పరీక్ష విజయదశమినాడు వచ్చును.

పాలపిట్ట తెలంగాణ రాష్ట్రపక్షి. ఉమ్మడి ఆంధ్రప్రదేశమునకును అదియే. ఆంధ్రప్రదేశము 2018లో రామచిలుకను స్వీకరించినది. దసరానాడు పాలపిట్టను చూచుట శుభమని తెలంగాణమున గాఢమైన విశ్వాసము. జమ్మిచెట్టుకడకు పోవువారు చేల గట్లపై దానికొఱకు వెదకుట పూర్వాచారము. కూర్చున్నపుడు మట్టిరంగు, ఎగిరినపుడు నీలిమంట. నగరములో చేలు లేవు. కావున పిట్టలను పట్టి, బంధించి, పంజరములలో తెచ్చి, దర్శనమునకు డబ్బు తీసికొను దురాచారము బయలుదేరినది. వన్యప్రాణి సంరక్షణకొఱకు 1972లో చట్టము వచ్చిన పిదప అట్లు పట్టుట నేరము.

ఆనాడు బాట్ వద్దకు వచ్చు చిత్రములను ఊహింపుడు. 'పాలపిట్ట' అను పేరుతో హైదరాబాదునుండి సాహిత్య మాసపత్రిక ఒకటి వెలువడినది. మొదట దాని ముఖచిత్రములు వచ్చును. సరే, అవి పొరపాటున వచ్చిన చుట్టములు. తరువాత నిజమైన పిట్టల చిత్రములు. చేనిలో విద్యుత్తు తీగపై దూరముగా కూర్చున్న పిట్ట చిత్రములో మినుపగింజంత యుండును. పంజరములోని పిట్ట చేతికందునంత దగ్గరగా, స్పష్టముగా, పండుగ పసుపుకుంకుమల నడుమ మెఱయును. మెచ్చుకోళ్ళు దేనికి ఎక్కువ? పంజరపు పిట్టకే. యంత్రము దానినే తలపై నుంచును. తెలియక చేసినను అది ఆ దురాచారమునకు దండోరా వేయుటయే యగును.

ఇది చిన్న విషయమని తలపరాదు. 2023 ఆగస్టులో 'భారతదేశపు పక్షుల స్థితి' అను నివేదిక వెలువడినది. ముప్పదివేలకు పైబడిన పక్షిపరిశీలకులు నమోదు చేసిన మూడుకోట్ల పరిశీలనలనుండి 942 జాతుల స్థితిని అది పరిశీలించినది. సంఖ్య ముప్పది శాతమో, అంతకు మించియో తగ్గినందున ప్రపంచపు అపాయసూచికలో వాని స్థానమును మరల పరిశీలింపవలెనని ఆ నివేదిక సూచించిన 14 జాతులలో మన పాలపిట్ట యొకటి. సర్వసాధారణమైనదని తలచిన పక్షియే తగ్గిపోవుచున్నది. అట్టిదానిని ఏ చిత్రముతో లోకమునకు చూపుదుము అనునది అందమునకు సంబంధించిన ప్రశ్న కాదు, ధర్మమునకు సంబంధించినది.

గూటిచిత్రముల సంగతియు ఇట్టిదే. గూటిలో పిల్లలకు మేత పెట్టు తల్లిపక్షి చిత్రము ఎవరి హృదయమునైనను కరగించును. కాని ఛాయాచిత్రపు ఫైలులో తీసిన స్థలపు అక్షాంశ రేఖాంశములు సైతము దాగియుండవచ్చును. యంత్రము దానిని యథాతథముగా పంచినచో మఱునాడు గూటిక్రింద పదిమంది నిలుతురు. బెదరిన తల్లి గూటిని విడువవచ్చును. చిత్రము మిగులును, పిల్లలు మిగులవు.

ఏప్రిల్ నాటి పాఠము

యంత్రమునకు అసలైన అగ్నిపరీక్ష 2025వ సంవత్సరము వసంతకాలమున వచ్చినది. హైదరాబాదు విశ్వవిద్యాలయమును ఆనుకొనియున్న కంచ గచ్చిబౌలిలో సుమారు 400 ఎకరముల భూమిలో చెట్లను నరికి చదును చేయుట ఆరంభమైనది. విద్యార్థులు ఆందోళన చేసిరి. ఏప్రిల్ 3వ తేదీన సుప్రీంకోర్టు ఆ పనిని నిలిపివేయించినది. ఆ దినములలో నెమళ్ళ చిత్రములు, లేళ్ళ చిత్రములు లక్షల చేతులు మారినవి. వానిలో కొన్ని కెమెరాతో తీసినవి. కొన్ని కృత్రిమమేధతో కల్పించినవి. కల్పిత చిత్రములపై ప్రభుత్వము అభ్యంతరము తెలిపినది. పోలీసులు నోటీసులిచ్చిరి.

ఏ పక్షమువారి వాదము ఎట్లున్నను ఒక విషయము స్పష్టము. కూలిన చెట్లు నిజము. ఆ అడవిలో నెమళ్ళుండుట నిజము. దానిని చాటుటకు అబద్ధపు చిత్రము అవసరము లేకుండెను. అబద్ధపు చిత్రమొకటి బయటపడినంతనే నిజమైన పది చిత్రములపై కూడ అనుమానపు నీడ పడినది. పాలలో నీరు కలియుట కాదిది, పాలలో సున్నపునీరు కలియుట. రంగు ఒకటే, గుణము వేరు.

ఆ వారమున ఒక పక్షిఛానలు బాట్ ఏమి చేసియుండును? 'నెమలి' అను మాట ఉన్నది, ఉంచుము. పూర్వము రాని చిత్రము, ఉంచుము. మెచ్చుకోళ్ళు అసంఖ్యాకము, తలపై నుంచుము. మూడు జల్లెడలను దాటి కల్పితచిత్రము రాజమర్యాదతో ప్రవేశించును. జల్లెడ చెడిపోయి కాదు, జల్లెడ సక్రమముగా పనిచేయుట వలననే! ఎవరు, ఎచట, ఎప్పుడు అను మూడు ప్రశ్నలు మాత్రమే దానిని ద్వారమువద్ద నిలిపియుండును. ఏలయనగా కల్పితచిత్రమునకు కర్త చెప్పదగిన చోటు లేదు, ఘడియ లేదు.

రాళ్ళు ఏరు వ్రేలు

అట్లయినచో యంత్రమును విడిచిపెట్టవలెనా? అదియు వివేకము కాదు. వరదను చేతితో తోడలేము. యంత్రమునకును మనుష్యునకును పని పంచి ఇచ్చుటయే మార్గము. దీనికి చక్కని ఉదాహరణము పక్షిపరిశీలకులకు సుపరిచితమైన ఈబర్డ్ వ్యవస్థ. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయపు పక్షిశాస్త్ర సంస్థ, ఆడుబాన్ సంఘముతో కలిసి 2002లో దానిని ప్రారంభించినది. పై నివేదికకు ఆధారము అందు నమోదైన పరిశీలనలే. అందు ప్రతి ప్రాంతమునకును, ప్రతి మాసమునకును ఏ పక్షి ఎన్ని కనబడవచ్చునో ఒక హద్దు ఏర్పరచియుందురు. ఎవరైనను హద్దు మీరిన సంఖ్యను వ్రాసినచో యంత్రము వెంటనే గంట కొట్టును. కాని తీర్పు చెప్పదు. ఆ ప్రాంతపు పక్షులను ఎఱిగిన స్వచ్ఛంద పరిశీలకుడు వ్రాసినవారిని అడిగి, చిత్రము చూచి, నిర్ణయించును. అపాయములోనున్న కొన్ని పక్షుల స్థలములను ఆ వ్యవస్థ బయటపెట్టదు. యంత్రము అనుమానించును, మనుష్యుడు విచారించును. పని ఇట్లు పంచినందువలననే మూడుకోట్ల పరిశీలనలు నమ్మదగినవైనవి.

మన యువకుడు చివరకు చేరినదియు ఈ గట్టునకే. అతని బాట్ చిత్రములను తెచ్చును, పునరుక్తులను తొలగించును, కాకినాడను కాకులనుండి వేరుచేయును, మూడు ప్రశ్నలు అడుగును, స్థలపు గుర్తులను తుడిచివేయును. గూడు, పంజరము అను మాటలు కనబడినచో ఎఱ్ఱగుర్తు పెట్టును. రాత్రి భోజనానంతరము ఇరువది చిత్రములను వరుసగా ముందుంచును. ఒక్కొక్కదాని క్రింద రెండు మీటలు: ప్రచురింపుము, విడువుము. మూడు గంటల పని పావుగంటకు వచ్చినది. కాని ఆ పావుగంట అతనిదే. దానిని యంత్రమునకు ఇచ్చుటకు అతడు అంగీకరింపలేదు.

మొన్నటివరకు ఏరుట అతనికి విసుగు. ఇప్పుడు అది విచారణ. ఎందులకు దీనిని ఉంచితిని, ఎందులకు దానిని విడిచితిని అని తనను తాను ప్రశ్నించుకొను అలవాటు అతనికి బాట్‌ను నిర్మించుట వలననే కలిగినది. యంత్రమునకు చెప్పవలెననిన ముందు తనకు తెలియవలెను గదా!

ఈ విద్య అభ్యసించుటకు హైటెక్ సిటీకి పోనక్కఱలేదు. ప్రతి పాఠశాలలో గోడపత్రిక యుండును. ప్రతి యేట ఫిబ్రవరి మాసమున నాలుగు దినములపాటు జరుగు పక్షిగణనలో బడి ఆవరణమునందలి కాకులను, గోరింకలను, పిచ్చుకలను ఏ విద్యార్థియైనను లెక్కింపవచ్చును. తెచ్చిన చిత్రములలో, వ్రాసిన వర్ణనలలో ఏడింటిని ఎన్నుకొని గోడకెక్కించి, ప్రతిదాని క్రింద కర్త పేరును, స్థలమును, దినమును, ఎన్నుకొనుటకు గల కారణమును ఒక వాక్యములో వ్రాయుడని ఉపాధ్యాయుడు చెప్పినచో చాలును. ఆ ఒక్క వాక్యము వ్రాయగల బాలుడు రేపు ఎట్టి యంత్రమునైనను నడపగలడు. వ్రాయలేనివానిని ఎట్టి యంత్రమైనను నడపును.

హంస పాలను నీటిని వేరుచేయునా చేయదా అని మనము చెరువులవెంట వెదకనక్కఱలేదు. ఆ హంసను పూర్వులు మన మనస్సులోనే వ్రాలనిచ్చిరి. యంత్రహంసకు ఎన్ని రెక్కలు కట్టినను పాల రుచి ఎఱిగినది ఆ లోపలి హంసయే.